బావ అద్దం

చంటి అంటే పాలు తాగే పసివాడనుకునేరు. గడ్డం నెరవడం మొదలైన మనిషి. ఇంట్లో చివర పుట్టిన పాపానికి అక్క పెట్టిన ముద్దుపేరు అలా అతుక్కుపోయింది, అంతే. పగలు ప్రింటింగ్ ప్రెస్సులో పని చేస్తాడు. సాయంత్రాలూ సెలవురోజులూ గిటారు పట్టుకుంటాడు. ఏ పెద్ద కంపెనీ అండా లేకుండా తమ పాటలు తామే కట్టుకుని, తామే రికార్డు చేసుకుని, తామే అమ్ముకునే ఓ చిన్న రాక్ బ్యాండు ఉంది. దానికి పాటగాడు అతనే, పాటలు రాసేదీ అతనే. ఆ బ్యాండు రెండో ఆల్బమ్ పెట్టెలు ఓ ఆదివారం పొద్దున అక్కావాళ్ల హాల్లో దిగాయి. దిగిన దగ్గర్నుంచీ చంటికి గొంతులో వెలక్కాయ పడ్డట్టుగా ఉంది.

ఉండదా మరి? చేసిన పని అలాంటిది.

అక్కా బావా నేలమీద దుప్పటి పరుచుకుని కూర్చున్నారు. నల్లటి రికార్డులు ఒక పక్క, చంటి తన ప్రెస్సులోనే అచ్చువేయించిన అట్ట కవర్లు ఇంకో పక్క. బావ ఒక్కో రికార్డునీ అంచులు పట్టుకుని తీసి, దుమ్ము ఊది, కవర్లో దూర్చి అక్కకి అందిస్తున్నాడు. అక్క దొంతరలు పెడుతోంది. మధ్యమధ్యలో బావ కవరు వెనక్కి తిప్పి చూసుకుంటున్నాడు. వాయించినవాళ్ల పేర్లు అక్కడున్నాయి. బేస్ గిటారు అన్నచోట ఆయన పేరుంది.

మొదటి ఆల్బమ్ మీద భూతద్దం పెట్టి వెతుక్కోవాల్సి వచ్చిందనీ, ఈసారి అక్షరాలు బాగా పెద్దవి వేశావనీ బావ మురిసిపోయాడు. చంటి నీళ్లు నమిలాడు. పెద్దవే వేశాడు మరి. ఈ రెండో ఆల్బమ్ మొత్తం మీద బావ వాయించిన స్వరం ఒక్కటి కూడా లేదు. కనీసం పేరైనా పెద్దగా ఉండాలనుకున్నాడేమో, అతన్నే అడగాలి.

బావ సిటీ బస్సు డ్రైవరు. బేస్ గిటారంటే నాలుగు లావుపాటి తీగలుండేది, పాటకి అడుగున ఉండి మోసేది. అది ఉన్నట్టు ఎవరూ గమనించరు, తడబడితే మాత్రం అందరూ తడబడతారు. బావ దాన్ని పెళ్లికి ముందునుంచీ వాయిస్తున్నాడు. అసలు బ్యాండు పుట్టిందే వాళ్లింటి వెనక గదిలో. గోడలకి పాత పరుపులు ఆనించి తలుపులు మూసింది బావ. చప్పుడు భరించలేక ఇరుగుపొరుగు తగువుకొస్తే సర్దిచెప్పి పంపింది అక్క. చంటికి మొదటి గిటారు కొనిపెట్టింది కూడా బావే. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఎవరి ఇంట్లో కూర్చుని ఎవరికి ద్రోహం చేశాడో మీకు తెలియాలి కదా!

బావకి ఒక లోపముంది. కాదనను. పాట ఆగి మళ్లీ ఎత్తుకునే చోట అర క్షణం ఆలస్యంగా వస్తాడు. స్టాపులో బస్సు ఆపాక, తలుపు మూసేశాక కూడా, ఎవరైనా ఆఖరి నిమిషంలో పరిగెత్తుకొస్తున్నారేమోనని పక్క అద్దంలో ఓసారి చూసుకుని గాని కదలడు. పాటలోనూ అంతే. ఆ సంగతి మొదట కనిపెట్టింది డిపోలో తోటి డ్రైవర్లు. మావాడు పాటలో కూడా అద్దం చూసుకుంటాడయ్యా అని ఎవరో అన్నారు. అంతే, బ్యాండులో దానికి ‘బావ అద్దం’ అని పేరు స్థిరపడిపోయింది. అద్దం పడినప్పుడల్లా అందరూ నవ్వేవాళ్లు. అందరికంటే ముందు బావే నవ్వేవాడు.

మొదటి ఆల్బమ్ వచ్చాక ఆ నవ్వులు ఆగిపోయాయి. పాటలు బాగున్నాయి, బేస్ మాత్రం వెనక చక్రం ఊడిన బండిలా ఈడుస్తోందని ఒక పత్రికలో రాశారు. బావ ఆ ముక్క చదివి, కాగితం జాగ్రత్తగా మడిచి, డ్యూటీకి వెళ్లిపోయాడు. చంటి మాత్రం వారం రోజులు తిండి సయించక తిరిగాడు. బావ మీద మాట పడిందన్న బాధ కాదు సుమండీ, తన పాట మీద మాట పడిందన్న బాధ.

రెండో ఆల్బమ్ మొదలుపెట్టేటప్పుడు, సొంత స్టూడియో ఉన్న సౌండ్ ఇంజనీరు అసలు మాట బయటపెట్టాడు. మొదటిది అటూ ఇటూ అయితే కొత్తవాళ్లని జనం సరిపెట్టుకుంటారు, రెండోదీ అలాగే ఉంటే వీళ్లింతే అని వదిలేస్తారు, అందుకని బేస్ ఇంకెవరిచేతనైనా వాయిద్దామన్నాడు. డ్రమ్ములు వాయించేది పసిపిల్లల బడిలో టీచరు, అందరూ టీచరమ్మ అనే పిలుస్తారు. అదేదో బావకి చెప్పి చేద్దామంది ఆవిడ. అప్పుడు చంటి నోరు తెరిచాడు. చెబితే ఆయన మనసు విరిగిపోతుందన్నాడు. బయటివాడెందుకు, నేనే వాయిస్తాను, ఇంట్లో సంగతి ఇంట్లోనే ఉంటుందన్నాడు. ముందు బావ చేత అన్ని పాటలూ వాయించేద్దాం, తర్వాత గుట్టుచప్పుడు కాకుండా తీసేసి నాది పెడదామన్నాడు. ఎంత దయ, ఎంత దయ! మీ కుటుంబ విషయం, నీ ఇష్టమని టీచరమ్మ చేతులు దులుపుకుంది.

అలాగే చేశారు. బావ సెలవులు పెట్టుకుని వచ్చి, స్టూడియోలో గాజు గోడకి అవతల కుర్చీలో కూర్చుని, పాట తర్వాత పాట వాయించాడు. ఇవతల వీళ్లు చప్పట్లు కొట్టారు. బావ మళ్లీ డ్యూటీలో చేరాక, గొంతు సవరణలున్నాయని అబద్ధం చెప్పి చంటి అదే కుర్చీలో కూర్చుని అన్నీ తిరిగి వాయించాడు. పైగా ఇంకో ఘనకార్యం కూడా వెలగబెట్టాడు. బావకి అనుమానం రాకూడదని, అచ్చం ఆయనే వాయించినట్టుండాలని, చివరి పాటలో అందరూ ఆగి మళ్లీ ఎత్తుకునే చోట కావాలని అర క్షణం ఆగి తీగ మీటాడు. అంటే అద్దం కూడా పెట్టాడన్నమాట. ఆ తెలివికి అప్పట్లో తన భుజం తనే తట్టుకున్నాడు కూడా.

పెట్టెలు దిగిన ఆ ఆదివారం సాయంత్రమే రికార్డు వినడానికి అందరూ చేరారు. టీచరమ్మ, ఇంజనీరు, డిపో నుంచి బావ స్నేహితులు అయిదారుగురు. డ్రైవర్లందరూ యూనిఫారం చొక్కాల మీదే వచ్చారు. బావ మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, రికార్డు ప్లేయరు పళ్లెం మీద రికార్డు పెట్టి, ముల్లు దించి, పెళ్లికొడుకులా వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు. పాటలు ఒక్కోటీ సాగుతున్నాయి. ఇది మనవాడేనా అని డ్రైవర్లు భుజాలు చరుస్తున్నారు. బావ కళ్లు మూసుకుని వింటున్నాడు.

“స్టూడియోలో ఏం శుభ్రం చేశారో గానీ చంటీ, నా చెయ్యి నాకే కొత్తగా ఉంది” అన్నాడు ఓ పాట అయ్యాక.

ఇంజనీరు తన బూట్ల కేసి చూసుకున్నాడు. టీచరమ్మ చంటి కేసి చూసింది. చంటి గోడ కేసి చూశాడు.

చివరి పాట వచ్చింది. ఆల్బమ్‌లో అన్నిటికంటే నెమ్మదైన పాట అది. మధ్యలో గొంతూ గిటార్లూ డ్రమ్ములూ అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. తర్వాత అన్నీ కలిసి ఒకేసారి పడాలి. పడ్డాయి. బేస్ అర క్షణం తర్వాత పడింది. డిపో వాళ్లంతా ఒక్క గొంతుతో “అద్దం!” అని అరిచి, పొట్టలు పట్టుకుని నవ్వారు. ఎన్నాళ్లయిందిరా నీ అద్దం చూసి అని ఒకాయన బావ వీపుమీద చరిచాడు.

బావ నవ్వలేదు. కళ్లు తెరిచి, ముల్లు కింద తిరుగుతున్న రికార్డు కేసి అలా చూస్తూ ఉండిపోయాడు. పాట పూర్తికాకముందే టీ పెడతానని లేచి వంటగదిలోకి వెళ్లిపోయాడు. ఆ ఇంట్లో టీ ఎప్పుడూ అక్కే పెడుతుంది.

డ్రైవర్లు వెళ్లిపోయాక బావ బ్యాండు వాళ్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు టవలు పట్టుకునే ఉన్నాడు.

“మన్నించండి” అన్నాడు. “సరిగ్గానే పడిందనుకున్నాను. ఏ ఒక్క పాటలోనూ అద్దం చూడలేదనే అనుకున్నాను. ఇంత కష్టపడి మీరందరూ చేస్తే, నావల్ల మళ్లీ అదే మాట పడుతుంది.”

చెప్పండి, అక్కడ ఏ మనిషైనా ఏం చేయాలి? కాళ్లమీద పడాలి. లేదా కనీసం నోరు మూసుకోవాలి. చంటి ఆ రెండూ చేయలేదు. పోనీలే బావా, అదే పాటకి అందం అన్నాడు. అన్నాక తన గొంతు తనకే అసహ్యమేసింది. టీచరమ్మ చెప్పులు వేసుకుని ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది.

అక్క కప్పులు కడుగుతుంటే చంటి తుడుస్తూ నిలబడ్డాడు. అక్క గొంతు తగ్గించి మాట్లాడింది.

“ఏడాదిగా ఆ అద్దం మానాలని ఎంత తంటాలు పడ్డారో నీకు తెలియదురా. ఆ పత్రికలో రాసినప్పట్నుంచీ. డిపోలో అందరూ పడుకుంటే ఆయన బెంచీమీద కూర్చుని, గిటారుకి కరెంటు పెట్టకుండా, కాలు నేలకేసి కొట్టుకుంటూ అదే ముక్క మళ్లీ మళ్లీ. నీకు చెప్పొద్దన్నారు. రికార్డు చేసేటప్పుడు వాడే కనిపెడతాడు, కనిపెట్టి వాడే అంటాడు, చూడు అన్నారు.”

చంటి చేతిలో కప్పు జారి తొట్టెలో పడింది. పగల్లేదు. అక్క ఆ కప్పు మళ్లీ కడిగింది.

మర్నాడు పొద్దున్నే ప్రెస్సుకి ఎగనామం పెట్టి చంటి స్టూడియోకి వెళ్లాడు. బావ వాయించినవి ఉన్నాయా, చెరిపేశావా అని అడిగాడు. ఉన్నాయన్నాడు ఇంజనీరు. నువ్వు విన్నావా అని అడిగితే, రికార్డు చేస్తూ మోత ఎక్కువ తక్కువలు చూసుకున్నాను గానీ వినలేదన్నాడు. ఎలాగూ తీసేసేదేగా అన్నాడు. తప్పు అతనొక్కడిదే అన్నట్టు చంటి అతనివైపు గుర్రుగా చూశాడు. అయ్యగారు మాత్రం ఏం విన్నారు గనక? ఆ రోజు గాజుకి ఇవతల కూర్చుని, కవరు బొమ్మ గురించి ప్రెస్సు వాళ్లకి ఫోన్లో కబుర్లు పంపుకుంటూ, బావ తలెత్తినప్పుడల్లా బొటనవేలు పైకెత్తి చూపించాడు. అంతవరకే.

ఇంజనీరు చివరి పాట పెట్టాడు. గొంతు ఆగింది. గిటార్లు ఆగాయి. డ్రమ్ములు ఆగాయి. తర్వాత అన్నీ కలిసి పడ్డాయి, బావతో సహా. అర క్షణం కాదు, వెంట్రుకవాసి కూడా తేడా లేదు. బావ మీటిన ఆ స్వరం వెచ్చగా, బరువుగా వచ్చి పాటని ఎత్తి భుజాన వేసుకుంది. చంటి రాసుకున్న పాట అది. అది అంత బాగుంటుందని అతనికే తెలియదు. తను వాయించింది దాని ముందు తీసికట్టు. ఇంజనీరు ఒప్పుకోలేక, ఒప్పుకోకుండా ఉండలేక మెడ రుద్దుకున్నాడు.

పాట అయిపోయింది. రికార్డింగ్ ఇంకా కొంచెం సాగింది. కుర్చీ కిర్రుమంది. తీగలమీద చెయ్యి వేసి ఆపిన చప్పుడు. తర్వాత మైకుకి కాస్త దూరంగా బావ గొంతు.

“అద్దం చూడలేదు, చూశావా చంటీ?”

ఆపైన చిన్న నవ్వు. జవాబు కోసం ఆగినట్టు కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఇంజనీరు గొంతు, ఓకే, తర్వాతి పాట.

చంటి తల కొట్టేసినట్టయి మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఇంజనీరు కుర్చీ ఇటూ అటూ తిప్పుతూ పైకే లెక్క వేసుకున్నాడు. నెట్లో పెట్టబోయేది మార్చొచ్చు, అచ్చయి వచ్చేసిన రికార్డుల్ని ఏం చేస్తాం? ఏం చేసినా ముందు బావకి చెప్పాలి. చెప్పాల్సింది నేను కాదు అని కూడా అన్నాడు. ఆ ముక్క మాత్రం నిజమే.

చంటి అక్కడినుంచి నేరుగా బావ నడిపే బస్సు ఎక్కాడు. డ్రైవరు సీటు వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. బస్సు నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడరాదని అక్కడ బోర్డు ఉంది. ఎంత హాయి! ఆఖరి స్టాపు దాకా చంటి ఆ బోర్డుని బుద్ధిగా పాటించాడు. ప్రతి స్టాపులోనూ తలుపు మూశాక బావ తల పక్కకి తిరిగి అద్దంలోకి చూడటం, ఎవరో ఒక ముసలామె చెయ్యి ఊపుకుంటూ వస్తే మళ్లీ తలుపు తెరవడం, ఆవిడ ఎక్కి ఊపిరి తీసుకునేదాకా ఆగడం, అన్నీ చూశాడు. ఈ మనిషినా నేను మోసం చేసింది అనుకున్నాడు. అనుకోవడానికేం, ఎన్నయినా అనుకోవచ్చు.

ఆఖరి స్టాపులో జనం దిగాక బావ ఇంజను ఆపి, సీటులోనే వెనక్కి తిరిగి కూర్చున్నాడు. చంటి నోరు తెరిచేలోపు ఆయనే మొదలుపెట్టాడు.

“ఓ మాట అడుగుతాను, మొహమాటపడకు. నన్ను తప్పించి ఇంకెవరినైనా పెట్టుకోవాలని ఉందా? ఉంటే చెప్పు. నేనేం అనుకోను. మీ అక్కకి నేను సర్దిచెబుతాను.”

తలుపు బార్లా తెరిచి, లోపలికి రమ్మని చెయ్యి పట్టుకు పిలిచినట్టే కదా అది? ఆ ఒక్క మాట చెప్పేయడానికి ఇంతకంటే మంచి సమయం ఏ జన్మకి దొరుకుతుంది? చంటి ఏమన్నాడో తెలుసా? ఛ, అవేం మాటలు బావా, నువ్వు లేకుండా బ్యాండేంటి అన్నాడు. అనేసి, బావ మొహంలో వచ్చిన వెలుగు చూసి, ఆ సీట్ల కిందికి దూరిపోతే బాగుండుననుకున్నాడు.

అయితే సరే అన్నాడు బావ. ఆల్బమ్ విడుదల రోజు కచేరీలో రికార్డులో ఉన్నట్టే వాయిస్తానన్నాడు. విన్నవాళ్లు అదే ఆశిస్తారు, తేడా వస్తే బాగుండదన్నాడు. రాత్రినుంచి ఆ అద్దం మళ్లీ సాధన చేస్తున్నాడట. మానడానికి ఏడాది పట్టిందా, ఇప్పుడు రమ్మంటే రానంటోంది చూడు అని నవ్వాడు. చంటి కూడా నవ్వాల్సి వచ్చింది. అంత చేదు నవ్వు అతను పుట్టాక నవ్వలేదు.

కచేరీ రోజు వచ్చింది. ఓ పాత సినిమా హాలుని పాటల కార్యక్రమాలకి అద్దెకిస్తున్నారు, అందులో పెట్టుకున్నారు. మధ్యాహ్నం ఖాళీ హాల్లో మైకులూ వైర్లూ సరిచూసుకుంటూ అన్ని పాటలూ ఒకసారి వాయించుకున్నారు. చివరి పాటలో అందరూ ఆగి ఎత్తుకున్నారు. బావ అర క్షణం ఆగి, సరిగ్గా అర క్షణం ఆగి, తీగ మీటాడు. ఎంత కచ్చితంగా పడిందంటే, రికార్డు తెచ్చి పక్కన పెట్టినా తేడా చెప్పలేరు. హాలు వెనకనుంచి ఇంజనీరు అలవాటు కొద్దీ బొటనవేలు పైకెత్తాడు. ఎత్తాక తనకే తెలిసి దించేశాడు.

పడిందా అన్నట్టు బావ చంటి వైపు చూశాడు.

ఇక చంటి వల్ల కాలేదు. గిటారు మెడలోంచి తీసి నేలమీద పెట్టి, బావ దగ్గరికి వెళ్లాడు. టీచరమ్మ డ్రమ్ముల వెనక పుల్లలు ఒళ్లో పెట్టుకుని తల వంచుకుంది.

“బావా, రికార్డులో ఉన్నది నువ్వు కాదు” అన్నాడు. “నేను. అన్ని పాటలూ నేనే. నీవి తీసేశాం. ఆ అద్దం కూడా నేనే పెట్టాను, నీకు తెలియకూడదని.”

బావ ఎడమచెయ్యి ఇంకా తీగల మీదే ఉంది.

“వీళ్లందరికీ తెలుసా?”

“తెలుసు.”

“మీ అక్కకి?”

“తెలియదు.”

బావ తలూపాడు. ఆ తలూపుడులో కోపం ఉంటే బాగుండుననుకున్నాడు చంటి. తిడితే పడదామని సిద్ధపడి వచ్చాడు మరి. బావ కాసేపు ఖాళీ కుర్చీల కేసి చూసి, మళ్లీ అడిగాడు.

“పోనీ, తీసేసేముందు నాది విన్నావా?”

అన్ని ప్రశ్నలకీ సిద్ధపడి వచ్చిన చంటికి ఈ ప్రశ్న తోచనే లేదు. “అప్పుడు వినలేదు” అన్నాడు. “మొన్న విన్నాను. అద్దం లేదు బావా. నా దానికంటే వెయ్యి రెట్లు…”

“మొన్న” అన్నాడు బావ.

వంగి, నేలమీదున్న చంటి గిటారు తీసి చేతికిచ్చాడు. అక్కకి నువ్వే చెప్పు, నేను చెప్పను అని మాత్రం అన్నాడు. చంటి ఆ గిటారు మెడలో వేసుకుంటుంటే పట్టీ కొక్కెం ఎంతకీ తగులుకోలేదు. టీచరమ్మ లేచి వచ్చి తగిలించింది.

సాయంత్రం హాలు నిండింది. ముందు వరసలో అక్క, ఆమె పక్కన డిపో బలగమంతా. పాటలు బాగా సాగాయి. బావ ప్రతి పాటలోనూ తన పని తాను చేసుకుపోయాడు. ఒక్కసారి కూడా చంటి వైపు చూడలేదు. పాటల మధ్య మాట్లాడాల్సిన చోట చంటి నాలుగు ముక్కలు ముక్కుతూ మూలుగుతూ మాట్లాడాడు.

చివరి పాట. గొంతు ఆగింది, గిటార్లు ఆగాయి, డ్రమ్ములు ఆగాయి. ముందు వరసలో డ్రైవర్లు అరవడానికి ఊపిరి బిగబట్టారు. సాధన చేసిన అద్దమా, ఏడాది కష్టపడి మానుకున్న పద్ధతా, బావ ఏది వాయిస్తాడని చంటి ఆయన చెయ్యే చూస్తూ ఉండిపోయాడు. బావ అద్దం చూడలేదు. టీచరమ్మ డ్రమ్ముతో సమానంగా, స్టూడియోలో ఆనాడు పడ్డట్టే, ఆ స్వరం వెచ్చగా వచ్చి పడింది. దానితోపాటే పడాల్సిన చంటి గొంతు, గిటారు మాత్రం పడలేదు. చూస్తూ ఉండిపోయినవాడు ఉలిక్కిపడి ఎత్తుకునేసరికి, హాలంతటికీ తెలిసేలా అర క్షణం వెనకబడ్డాడు.

“అద్దం!” అని డిపో మొత్తం ఎలుగెత్తి అరిచింది.

హాలంతా నవ్వులు. వేళ్లన్నీ బావ వైపే చూపిస్తున్నాయి. బావ వాయించడం ఆపకుండానే తలవంచి, నాదే అన్నట్టు ఓసారి అలా ఆడించాడు. ఆ తప్పు చంటిదని ఆయనకి తెలుసు. తెలిసే మోశాడు.

పాట ముగిసి చప్పట్లు తగ్గేదాకా చంటి ఆగాడు. చెవులు మండిపోతున్నాయి. మైకు నోటి దగ్గరే ఉంది.

“ఆలస్యం చేసింది బావ కాదు, నేను” అన్నాడు. “రికార్డులో కూడా నేనే.”

అంతే, మునుపటికి రెట్టింపు చప్పట్లు మోగాయి. చూశారా, బావని ఎలా వెనకేసుకొస్తున్నాడో అన్నారెవరో. డ్రైవర్లు లేచి నిలబడి ఈలలు వేశారు. ఆ మాట నిజమని చంటి మళ్లీ అన్నాడు గానీ ఆ హోరులో ఎవరికీ వినిపించలేదు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నది అక్క. మోసం ఒప్పుకున్నా మంచివాడి కిందే జమకట్టారు. ఇంతకంటే సిగ్గు ఇంకేముంటుంది?

జనం లేస్తుండగానే అక్క మెట్లెక్కి వేదిక మీదికి వచ్చేసింది. కళ్లు తుడుచుకుంటూ, చంటి బుగ్గ పట్టుకుని చిన్నప్పట్లా లాగింది.

“ఆయన మీద మాట పడకుండా నీ మీద వేసుకున్నావు కదరా. నా తమ్ముడివనిపించుకున్నావు.”

చంటి బావ వైపు చూశాడు. బావ మోకాళ్లమీద కూర్చుని వైర్లు చుట్టుకుంటున్నాడు, తల ఎత్తలేదు. టీచరమ్మ డ్రమ్ములు విప్పడం ఆపి చూస్తోంది.

“అక్కా, పక్కకి రా” అన్నాడు చంటి. “చెప్పేదాకా మధ్యలో ఏమీ అనకు.”

అక్క నవ్వు మొహంతోనే అతని వెనక నడిచింది.